తమ్ముడి ఫోనుకి నోరొచ్చింది

బాత్రూములోంచి ఆడగొంతు వినిపించింది.

"వెనుకకు, బటన్."

మరదలు తలుపు ముందు ఆగిపోయింది. ఆమె చేతిలో ఆరిన తువ్వాళ్ళున్నాయి. మొగుడు లోపలికి వెళ్ళి నలభై నిమిషాలైంది.

"లోపల ఎవరు?"

"ఎవరూ లేరు."

"యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి," అంది ఆడగొంతు.

"ఎవరూ లేకపోతే ఆవిడ ఎవరితో మాట్లాడుతోంది?"

"నాతోనే."

"అయితే తలుపు తియ్యండి. నాతో కూడా రెండు ముక్కలు మాట్లాడి పోతుంది."

జవాబుగా లోపల కొళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్ళు బకెట్లో ధారగా పడ్డాయి. ఆ చప్పుడు మీంచి ఆడగొంతు ఏమాత్రం తడబడకుండా చెప్పుకుపోయింది. "సెట్టింగ్‌లు. పదకొండింటిలో నాలుగవది. ధ్వని మరియు వైబ్రేషన్."

హాలుకి అవతలి గదిలో అతని అక్క సూట్‌కేసు సర్దుతోంది. ఆ మాటలు చెవిన పడగానే మడతపెడుతున్న చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ గొంతు ఆమెకి తెలుసు. పదేళ్ళుగా ఆమె ఫోనులో ఉన్నది ఆ గొంతే. చూపు లేనివాళ్ళు టచ్ ఫోను వాడేది దాని సాయంతోనే. తెర మీద వేలు పెడితే వేలి కింద ఏముందో చదువుతుంది. అక్కరలేదంటే వేలు పక్కకి జరపాలి. కావాలంటే రెండుసార్లు తట్టాలి.

కాకపోతే ఆమె ఫోను మాట్లాడే వేగం వేరు. తమ్ముడి ఫోను నాలుగు మాటలు పలికేలోపు ఆమె ఫోను ఇరవై పలుకుతుంది. ఇంట్లోవాళ్ళకి అది కిచకిచలాగా వినపడుతుంది. అందువల్ల పదేళ్ళుగా ఆమె ఉత్తరాలు, బ్యాంకు సంగతులు, స్నేహితురాళ్ళతో చెప్పుకున్న చాడీలు అందరి మధ్యా గట్టిగానే చదివించుకుంది. ఒక్కటీ బయటికి పొక్కలేదు.

తమ్ముడి ఫోను ఇవాళే నోరు తెరిచింది. ఒకటో తరగతి పిల్లలకి పాఠం చెప్పినట్టు అక్షరం అక్షరం విడగొట్టి చెబుతోంది.

అక్క చీర సూట్‌కేసులో పెట్టింది. నవ్వు వచ్చింది గానీ పైకి నవ్వలేదు. నాలుగు రోజులుగా తమ్ముడితో మాటల్లేవు.

బుధవారం భోజనాల దగ్గర మొదలైంది గొడవ. ఆఫీసుకి ఎనిమిది నిమిషాల నడకలో ఒక గది చూశానని, వచ్చే వారం వెళ్ళిపోతున్నానని అక్క చెప్పింది. ఆమెకి నలభై నాలుగేళ్ళు. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం. రోజుకి నూట పాతిక మంది తిట్లు వింటుంది. తమ్ముడు కేకలేస్తున్నంతసేపూ ఆఫీసు గొంతుతోనే జవాబిచ్చింది.

"మీ ఫిర్యాదు నమోదైంది. ఇంకేమైనా ఉందా?"

ఉంది. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఆ గది మూడో అంతస్తులో ఉంది. ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు.

"మా అక్క లిఫ్టు లేని ఇంట్లో ఉంటుందని తెలిస్తే కంపెనీలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"లిఫ్టుంటే నువ్వు రోజూ రిపేరు వంకతో వస్తావు. అందుకే లేనిది చూసుకున్నా."

అమ్మ అప్పుడు ఏమీ అనలేదు. తరవాత కూడా అనలేదు.

"అసలు ఇక్కడ నీకేం తక్కువైంది?" అన్నాడు తమ్ముడు.

"దువ్వెన."

"ఏంటి?"

"పొద్దున కిటికీ మీద పెట్టా. ఎవరో తీశారు. నిన్న చెప్పులు. మొన్న ఫోను. అమ్మ చార్జింగులో పెట్టింది."

ఆ చార్జింగు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. చూసేవాళ్ళు ఎవరూ లేనప్పుడు తెర వెలగాల్సిన పని లేదని అక్క తన ఫోను తెర ఎప్పుడూ ఆర్పే ఉంచుతుంది. నల్లటి తెర చూసి ఫోను చచ్చిపోయిందనుకుని అమ్మ రోజుకి రెండుసార్లు ఎత్తుకెళ్ళి ఏదో ఒక గదిలో ప్లగ్గుకి తగిలిస్తుంది.

"మీకు కళ్ళున్నాయి కాబట్టి వెతుక్కుంటారు," అంది అక్క. "నేను పెట్టిన చోట తీసుకుంటాను. నలభై నాలుగేళ్ళొచ్చాయి. ఒక్క ఇంట్లోనైనా నేను పెట్టిన చోట నా వస్తువు ఉండాలి. అంతే నాకు కావాల్సింది."

"రేపు ఆ ఫోనే పాడైతే? ఒక్కదానివి, ఏం చేస్తావ్?"

"నీ ఫోను ఒక గంట నాలాగా వాడి చూడు. తరవాత వచ్చి నాకు చెప్పు."

అక్కడితో మాటలు ఆగిపోయాయి.

తమ్ముడు వాడి చూశాడు. ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ చూడకుండా, బాత్రూములో. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ గొంతుని తనే లేపాడు. అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని తిప్పలు పడ్డాడు. తరవాత ముప్ఫై అయిదు నిమిషాలు కళ్ళు తెరుచుకుని తిప్పలు పడ్డాడు. వేలితో తెరని పైకి తోస్తే తెర కదలదు. ఒకసారి నొక్కితే పని జరగదు, పేరు చదువుతుంది. ఆర్పేద్దామంటే ఆర్పే బటను కూడా ముందు తన పేరు చెప్పి, నొక్కాల్సిన పద్ధతి చెప్పింది. చివరికి పక్క బటన్లన్నీ పిసికి ఎలాగో ఫోనునే ఆర్పాడు. మళ్ళీ వెలిగించగానే ఆవిడ మళ్ళీ స్వాగతం చెప్పింది.

ఫోను పక్కన పడేద్దామంటే కుదరదు. ఈ ఆదివారం డ్యూటీ అతనిది. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగినా ఆ ఫోనే మోగాలి.

నాలుగూ ఇరవైకి తలుపు తెరుచుకుంది. తమ్ముడు చొక్కా తడిసి బయటికొచ్చాడు. మరదలు అతని భుజం మీంచి లోపలికి చూసింది. బకెట్ తప్ప ఎవరూ లేరు.

"ఇటివ్వండి."

"వద్దు. లాక్ పడింది."

"తియ్యండి మరి."

తమ్ముడు గోడ వైపు తిరిగి నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. ప్రతి అంకె మీద వేలు ఆగగానే ఫోను దాని పేరు చెప్పింది.

"ఏడు. నాలుగు. నాలుగు. సున్నా."

"పన్నెండేళ్ళ కాపురంలో నాకు చెప్పని నంబరు," అంది మరదలు. "ఆవిడకి మాత్రం తెలుసు."

"అది మనిషి కాదు. అక్క ఫోనులో ఉండేదే."

"వదిన ఫోనులోది మీ ఫోనులోకి ఎలా వచ్చింది?"

తమ్ముడు అవతలి గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేనే పెట్టా."

"ఎందుకు?"

"ఊరికే."

"మీరు ఊరికే గ్లాసు కూడా కడగరు. ఇటివ్వండి."

ఫోను ఆమె చేతిలోకి వచ్చింది. ఆమె వేలు తెర మీద ఎక్కడో ఆనింది.

"మెసేజ్‌లు. చదవనివి ఒకటి. యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి."

ఆమె రెండుసార్లు నొక్కింది.

"నొక్కకు!"

"ఆవిడ నొక్కమంటోందిగా."

"ఆవిడ అన్నిటికీ అలాగే అంటుంది!"

"మూడో అంతస్తు ఇంటావిడ," అంది ఫోను. "యాక్టివేట్ చేయడానికి—"

"ఈ ఇంటావిడ ఎవరు?" మరదలు అడుగుతూనే మళ్ళీ రెండుసార్లు నొక్కింది.

తమ్ముడు ఫోను లాక్కున్నాడు. లాక్కున్న చేయి బొటనవేలు తెర మధ్యలో పడింది. అక్కడ అతను ముందురోజు పంపిన మెసేజు ఉంది. ఫోను దాన్ని మొదటి నుంచీ అందుకుంది.

"మీరు. నమస్కారమండి. మా అక్క మీ గది గురించి నా నంబరు ఇచ్చిందన్నారు కదా. మా అక్కకి చూపు లేదు."

తమ్ముడు గొంతు తగ్గించే బటను కోసం తడిమి, కంగారులో పైది నొక్కాడు. ఫోను గొంతు పెంచింది.

"ఒక్కతే ఉండలేదు. గ్యాస్ ఆపడం మర్చిపోతే మీ బిల్డింగు మొత్తానికి ప్రమాదం."

ఫోనుని సోఫా దిండు కింద తోసి దిండు మీద కూర్చున్నాడు. మరదలు ఇద్దరినీ, అంటే మొగుడినీ దిండునీ, చూస్తూ నిలబడింది. దిండు కిందినుంచి గొంతు కొంచెం బొంగురుగా వచ్చింది గానీ ఒక్క మాటా పోలేదు.

"దయచేసి గది ఇవ్వొద్దు. నేను చెప్పానని తనకి చెప్పొద్దు. జోడించిన చేతులు. జోడించిన చేతులు. జోడించిన చేతులు. నిన్న. రాత్రి తొమ్మిదీ పది. చదివారు."

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

కిటికీ పక్క కుర్చీలో అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె చేతులు కూడా ఆగాయి.

మళ్ళీ ఫోనే మాట్లాడింది. దిండు మీద తమ్ముడు కదిలాడు కాబోలు.

"మూడో అంతస్తు ఇంటావిడ. సరే. ఆదివారం సాయంత్రం అయిదింటికి ఫోన్ చేస్తాను. ఇవాళ. మధ్యాహ్నం ఒంటిగంట."

"మూడుసార్లు దండం పెట్టావురా," అంది అక్క. నాలుగు రోజుల తరవాత అదే మొదటి మాట. "నా పెళ్ళి కుదర్చమని కూడా నువ్వెవరికీ ఇన్ని దండాలు పెట్టలేదు."

"అక్కా—"

"పోయిన నెల గ్యాస్ ఆపడం మర్చిపోయింది ఎవరు?"

తమ్ముడు మరదలి వైపు చూశాడు. ఆమె తువ్వాళ్ళు సోఫా మీద పెట్టింది.

"ఈయనే వదినా. పాలు పెట్టి క్రికెట్ చూడ్డానికి పోయారు."

"వాసన పట్టి ఆపింది ఎవరు?"

"మీరే."

"నువ్వు ఊరుకో," అన్నాడు తమ్ముడు పెళ్ళాంతో.

"నేను ఊరుకునే ఉన్నా. అడిగినదానికి చెప్తున్నా."

అక్క నాలుగడుగులు వేసి సోఫా చేతి మీద చేయి పెట్టి నిలబడింది. ఆ సోఫా మూడు రోజుల క్రితం జరిపారు. అది జరిగిన కొత్త చోటు ఆమె మోకాలికి మొదటిరోజే తెలిసింది.

"ఎందుకు రాశావు?"

"భయమేసి."

"ఎవరికి?"

"నాకే. నువ్వు చూడలేదక్కా. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని నేను రోజూ బయటికి లాగుతాను. మొన్నొకాయన, బ్యాంకు మేనేజరు. పదకొండు నిమిషాలే ఉన్నాడు లోపల. బయటికొచ్చి నన్ను పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. చూపున్న మనిషి, చేతిలో ఫోనున్న మనిషి. నువ్వక్కడ ఒక్కదానివి..."

అతను ఆపేశాడు.

"ఆ మేనేజరు ఏం చేశాడు లోపల?" అని అడిగింది అక్క.

"గంట నొక్కాడు."

"నువ్వు వెళ్ళావు."

"వెళ్ళా."

"నేనూ నొక్కుతాను. అప్పుడు రా. నొక్కకుండా రాకు."

తమ్ముడు దిండు కిందినుంచి ఫోను తీశాడు. తెర తుడిచాడు. తుడిచినంతసేపూ అది ఏవేవో పేర్లు చదివింది.

"దీన్ని ఆపు ముందు. నీకు దండం పెడతా."

"దండాలు అయిపోలేదా ఇంకా?"

"డ్యూటీలో ఉన్నానే అక్కా! ఎవరన్నా ఇరుక్కుంటే ఫోను ఎత్తలేను. గంట నుంచి నేనే ఇరుక్కున్నా."

మరదలికి నవ్వాగలేదు. చేత్తో నోరు మూసుకుంది. చేయి చాల్లేదు.

"ఆపుతా," అంది అక్క. "మూడు సెకన్ల పని. ఎలాగో చెప్పను, నేనే ఆపుతా. కానీ అయిదింటికి ఇంటావిడ ఫోన్ చేస్తుంది. రాసినదంతా తప్పని నీ నోటితో చెప్పు. చెప్పాక ఆపుతా."

"చెప్పకపోతే?"

"ఫోనులో ఆవిడతోనే కాపురం చెయ్యి."

"తెర లాక్ చేయబడింది," అంది ఫోను.

గోడ గడియారం అయిదుకి పద్నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తమ్ముడు తానే ఆపి చూపిస్తానని పట్టుబట్టాడు. అక్క గదిలోకి వెళ్ళిపోయింది. మరదలు పక్కన కూర్చుని సాయం చేసింది. ఇద్దరూ కలిసి ఫోను గొంతు వేగం రెండింతలు చేశారు. భాష మార్చారు. కాసేపు అది ఎవరికీ తెలియని భాషలో, మహా మర్యాదగా, బ్యాటరీ ఎంత ఉందో చెప్పింది. తిరిగి తెలుగులోకి తేవడానికి అక్క తన గదిలోంచే మూడు మాటలు చెప్పాల్సి వచ్చింది. తెర చూడలేదు, ఫోను ముట్టుకోలేదు. చప్పుడు విని, "రెండు గీతలు కుడికి... ఎక్కువ పోయావ్, ఒకటి వెనక్కి... ఇప్పుడు తట్టు," అంది.

"మా షాపులో నెలజీతం ఇస్తారు వదినకి," అంది మరదలు. ఆమె ఒక దర్జీ షాపులో బిల్లులు రాస్తుంది. ఆ షాపులో కంప్యూటరు రోజుకొకసారి మొండికేస్తుంది.

"నువ్వు ఎవరి వైపు?" అన్నాడు తమ్ముడు.

"ఎవరు ఆపగలిగితే వాళ్ళ వైపు."

సరిగ్గా అయిదింటికి ఫోను మోగింది.

"మూడో అంతస్తు ఇంటావిడ కాల్ చేస్తున్నారు."

తమ్ముడు పచ్చ బటను పైకి తోశాడు. అది కదల్లేదు. పక్కకి తోశాడు. గట్టిగా నొక్కాడు. "కాల్ ఎత్తండి, బటన్," అంది ఫోను, మోత మధ్యలో. నాలుగో మోత. అయిదో మోత.

అక్క హాల్లోకి వచ్చి చేయి చాచింది. అతను ఫోను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రెండు వేళ్ళు జతచేసి తెర మీద ఎక్కడో ఒకచోట రెండుసార్లు తట్టింది. మోత ఆగింది. ఇంకో మూడు కదలికల్లో ఇంటావిడ గొంతు హాలంతా వినపడింది.

"హలో, బాబూ? నీ మెసేజు చూశాను."

"నేనండీ, అక్కని. మేమందరం కూడా విన్నాం."

"నీకు చెప్పొద్దని రాశాడమ్మా."

"అది కూడా విన్నామండీ."

"బాగుంది మీ ఇంటి వ్యవహారం," అంది ఇంటావిడ. "సరే, సూటిగా చెప్తాను. నువ్వొచ్చినప్పుడు మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కావు చూడు, యాభై రెండు అని చెప్పావు, ముప్ఫై ఏళ్ళుగా ఎక్కుతున్నా నాకే తెలీదు. నువ్వు నాకు నచ్చావు. కానీ పేచీ ఉన్న ఇంటి మనిషిని నేను తెచ్చి పెట్టుకోలేను. రేపు మీవాళ్ళొచ్చి నా గుమ్మంలో కేకలేస్తే నా బీపీ ఎవరు చూస్తారు? మీ ఇంట్లోవాళ్ళొకళ్ళు సరేనని నోటితో చెప్పాలి. ఆరింటికి వేరేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. చెప్పమను."

అక్క ఫోను తమ్ముడి ముందుకి చాచింది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. మరదలిని చూశాడు. అక్క చేతిని చూశాడు. ఆ చేయి, గోళ్ళు తెల్లబడేంత గట్టిగా ఫోనుని పట్టుకుని ఉంది.

"అంటే అండీ," అన్నాడు. "నేను రాసింది... గ్యాసు సంగతి తప్పే. అది నేనే. కానీ మూడో అంతస్తు... లిఫ్టు లేదు కదండీ..."

"లిఫ్టు సంగతి కాదు నేనడిగింది. సరేనా, కాదా?"

తమ్ముడు నోరు తెరిచాడు. మాట రాలేదు. మరదలు మోచేత్తో పొడిచింది. అయినా రాలేదు.

"హలో?" అంది ఇంటావిడ. "ఉన్నారా?"

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టి లేచింది. బుధవారం నుంచి ఆమె ఇంట్లో ఎవరితోనూ నాలుగు మాటలు కలిపి మాట్లాడలేదు. వచ్చి కూతురి చేతిలోంచి ఫోను తీసుకుంది. స్పీకరు వినపడుతున్నా అలవాటు కొద్దీ చెవికి ఆనించుకుంది.

"నేను తల్లినమ్మా."

"చెప్పండి."

"మావాడు రాసింది తీసి అవతల పారెయ్యండి. వాడికి చిన్నప్పటినుంచీ భయమెక్కువ. మెట్ల మీద చీకటిగా ఉంటే ఇదే వాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చేది. నా కూతురు సంగతి నాకు తెలుసు. ఆ గది దానికే ఇవ్వండి. నేను సరే అంటున్నాను."

అక్క సోఫా చేతి మీద కూర్చుండిపోయింది. తల్లి ఉన్న వైపు మొహం తిప్పింది. తమ్ముడు గోడవైపు చూశాడు. మరదలు తువ్వాలు ఒకటి తీసి కళ్ళు ఒత్తుకుంది.

"అంతే కదమ్మా, అదే నాక్కావాల్సింది," అంది ఇంటావిడ. "ఎప్పుడొస్తుంది?"

"రేపే వస్తుంది. సూట్‌కేసు సర్దడం కూడా అయిపోయింది," అంది అమ్మ. గొంతు కొంచెం తగ్గించింది. "ఒక్క మాట అడగనా?"

"అడగండి."

"ఆ గదిలో రెండు మంచాలు పడతాయా?"

అక్క తల పైకెత్తింది.

అవతల ఇంటావిడ లెక్క వేసుకుంటున్నట్టు తనలో తాను గొణుక్కోవడం వినిపించింది. కిటికీ వైపు ఒకటి, బీరువా జరిపితే గోడవారగా ఇంకొకటి.

"ఎందుకు పట్టవు," అంది. "పడతాయి."